కార్డు కొన్నారు సరే... కరెంటో?

కొత్త గ్రాఫిక్స్ కార్డు పెడితే చాలు, పాత కంప్యూటర్ పరుగులు తీస్తుందనుకుంటాం. తీరా చూస్తే పని మధ్యలో టప్పున ఆగిపోతుంది. కార్డు పాడైందని కంగారుపడతాం, దుకాణం చుట్టూ తిరుగుతాం. చాలాసార్లు తప్పు కార్డుది కాదు. పెట్టెలో ఓ మూల దుమ్ము పట్టి, ఎవరి కంటా పడకుండా కూర్చునే ఎస్‌ఎంపీఎస్‌ది!

భీమిలిలో సముద్రానికి నాలుగు వీధుల ఇవతల ఓ ఇల్లు. ఇంజినీరింగ్ చదువుతున్న కొడుకు ఏడాదిగా గ్రాఫిక్స్ కార్డు అడుగుతున్నాడు. ఆటలకే కాదు, సెలవుల్లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి నాలుగు డబ్బులు సంపాదించుకుంటున్నాడు కూడా. చివరికి తండ్రి చీటీ పాడిన డబ్బులోంచి పాతికవేలు తీసి చేతిలో పెట్టాడు. కుర్రాడు విశాఖ వెళ్లి ఆర్‌టీఎక్స్ 3060 కార్డు తెచ్చుకున్నాడు. బిగించాడు. తెర వెలిగింది. ఇంట్లో అందరికీ మిఠాయిలు!

ఆ సంబరం సాయంత్రం దాకానే. వీడియో ఎక్స్‌పోర్ట్ మొదలుపెట్టిన రెండో నిమిషంలో తెర నల్లబడింది. కంప్యూటర్ దానంతటదే ఆగి మళ్లీ మొదలైంది. మళ్లీ పెట్టాడు, మళ్లీ అంతే. కార్డు వారంటీకి వెళ్లింది. మూడు వారాల తర్వాత ‘ఏ లోపమూ లేదు’ అన్న చీటీతో తిరిగొచ్చింది. ‘పాతికవేలూ సముద్రంలో పోసినట్టేనా?’ అన్నాడు తండ్రి. కొడుకు దగ్గర సమాధానం లేదు.

సమాధానం మాత్రం ఆ పెట్టెలోనే ఉంది. క్యాబినెట్‌తో పాటు ‘ఉచితంగా’ వచ్చిన ఎస్‌ఎంపీఎస్ పక్కన అంటించిన కాగితం మీద!

లేబుల్ మీద రెండు కథలు

ఎస్‌ఎంపీఎస్ చేసే పని చెప్పుకోవడానికి చిన్నదే. గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటును తీసుకుని, కంప్యూటర్‌లోని భాగాలకు కావాల్సిన 12, 5, 3.3 వోల్టుల కరెంటుగా మార్చి పంచుతుంది. ఒకప్పుడు ప్రాసెసర్లు 5 వోల్టులు, 3.3 వోల్టుల మీదే ఎక్కువగా ఆధారపడేవి. 2000లో పెంటియం 4 వచ్చినప్పటినుంచీ భారమంతా 12 వోల్టుల మీదికి మళ్లింది. ఇప్పటి ప్రాసెసరూ, గ్రాఫిక్స్ కార్డూ దాదాపుగా తినేదంతా ఆ 12 వోల్టుల తీగల్లోంచే.

మన కుర్రాడి ఎస్‌ఎంపీఎస్ మీద పెద్ద అక్షరాలతో ‘450 వాట్లు’ అని ఉంది. దాని కిందే చిన్న గడుల్లో అసలు సంగతి ఉంది. 12 వోల్టుల గడిలో రాసింది 14 ఆంపియర్లు. లెక్క కట్టడానికి ఇంజినీరింగ్ అక్కర్లేదు. వోల్టులను ఆంపియర్లతో హెచ్చిస్తే వాట్లు. 12ను 14తో హెచ్చిస్తే 168. అంటే ఈ 450 వాట్ల పెట్టె 12 వోల్టుల మీద ఇవ్వగలిగేది 168 వాట్లే! ఆర్‌టీఎక్స్ 3060 ఒక్కటే 170 వాట్లు అడుగుతుంది. ఇక ప్రాసెసర్‌కు మిగిలేదేమిటి?

మరి ఆ 450 ఎక్కణ్నుంచి వచ్చింది? ఎవరికీ పెద్దగా అవసరంలేని 5 వోల్టులు, 3.3 వోల్టుల గడుల్లో ఉన్నదంతా కూడితే! వెయ్యిమందికి విందు అని పిలిచి, గుండిగల్లో సగానికిపైగా చారే ఉంచినట్టన్నమాట. పేరున్న కంపెనీ 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ చూడండి. 12 వోల్టుల గడిలో 45 ఆంపియర్ల దాకా కనిపిస్తుంది. అంటే 540 వాట్లు. పెద్ద అక్షరాలకూ చిన్న గడికీ తేడా లేకపోవడమే నిజాయతీకి తొలి గుర్తు.

‘అలాగైతే మొదట్లో తెర ఎలా వెలిగింది?’ అన్న సందేహం సహజం. ఊరికే డెస్క్‌టాప్ చూపిస్తున్నప్పుడు కార్డు వాడుకునేది పది, ఇరవై వాట్లే. అసలు పని మొదలెట్టినప్పుడే 170కి ఎగబాకుతుంది. ఆ భారం మోయలేక ఎస్‌ఎంపీఎస్ తనను తాను ఆపేసుకుంటుంది. ఆపేసుకుంటే అదృష్టమే. రక్షణ ఏర్పాట్లు సరిగా లేని చవక పెట్టెలు ఆగకుండా వేడెక్కి కాలిపోతాయి. పోతూపోతూ మదర్‌బోర్డునో, ఏళ్లనాటి ఫొటోలున్న హార్డ్‌డిస్క్‌నో తీసుకుపోవచ్చు. డబ్బు పెడితే కార్డు మళ్లీ వస్తుంది. పాపాయి తొలి పుట్టినరోజు ఫొటోలు రావు.

ఐదు నిమిషాల లెక్క

కాగితం, కలం తీసుకోండి. మన కుర్రాడి కంప్యూటర్‌కే లెక్క కడదాం. అతని దగ్గరున్నది ఇంటెల్ ఐ5-12400 ప్రాసెసర్. మామూలుగా 65 వాట్లు. పూర్తి వేగంలో 117 వాట్ల దాకా తీసుకుంటుంది. పెద్ద అంకెనే వేసుకోవాలి. కార్డుకు 170. మదర్‌బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు అన్నీ కలిపి ఓ 55, 60. మొత్తం 345 వాట్లకు అటూఇటూ.

అలాగని 350 వాట్లది కొంటే సరిపోతుందా? పోదు. ఎప్పుడూ పూర్తి బరువుతో నడిచే లారీ ఎక్కువకాలం మన్నదు కదా! ఎస్‌ఎంపీఎస్ కూడా సగం నుంచి మూడింట రెండొంతుల భారం మీద హాయిగా నడుస్తుంది. 345 వాట్ల అవసరానికి 550 వాట్లది పెడితే భారం 63 శాతం. ఈ కార్డుకు ఎన్‌విడియా సిఫార్సు చేసిన అంకె కూడా 550 వాట్లే.

మిగతా కార్డుల లెక్కలూ ఇలాగే. ఆర్‌టీఎక్స్ 4060 తీసుకునేది 115 వాట్లు, కంపెనీ చెప్పే ఎస్‌ఎంపీఎస్ 550. ఆర్‌టీఎక్స్ 4070కి 200 వాట్లు, సిఫార్సు 650. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5090కైతే ఏకంగా 575 వాట్లు, సిఫార్సు 1000! మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లనుకుంటే, ఆ ఒక్క కార్డు తినే కరెంటుతో ఏడు ఫ్యాన్లు తిప్పొచ్చు. కంపెనీల సిఫార్సులు కాస్త ఎక్కువగానే ఉంటాయి. ఎందుకంటే మన పెట్టెలో ఏ ప్రాసెసర్ ఉందో వాళ్లకు తెలియదు. అందుకే సొంత లెక్క కూడా వేసుకోవాలి.

అవసరానికి మించి కొనడమూ తెలివైన పనేం కాదు. 115 వాట్ల కార్డుకు వెయ్యి వాట్ల ఎస్‌ఎంపీఎస్ పెడితే నష్టమేమీ జరగదు, లాభమూ లేదు. వెయ్యి వాట్లదైనా పెట్టె అడిగినంతే ఇస్తుంది. కరెంటు మీటరు వెయ్యి వాట్ల లెక్కన తిరగదు. కాకపోతే ఆ డబ్బుతో కొత్త ఎస్‌ఎస్‌డీ కొనుక్కోవచ్చు.

రెప్పపాటు ఆకలి

సగటు లెక్క సరిపోయినా కొన్ని కంప్యూటర్లు ఆగిపోతుంటాయి. దానికి కారణం రెప్పపాటు ఆకలి. గ్రాఫిక్స్ కార్డు ఒకే తీరుగా కరెంటు తాగదు. సెకనులో వెయ్యో వంతుకన్నా తక్కువ కాలంపాటు ఒక్కసారిగా మామూలుకంటే చాలా ఎక్కువ లాగుతుంది. వెంటనే తగ్గుతుంది. మీటర్లకు చిక్కదు కానీ ఎస్‌ఎంపీఎస్‌లోని రక్షణ వ్యవస్థకు తెలుస్తుంది. ‘ఏదో షార్ట్ అయింది’ అనుకుని ఆపేస్తుంది. 2020లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3080, 3090 కార్డులతో చాలామంది ఈ తిప్పలు పడ్డారు.

అందుకే 2022లో ఏటీఎక్స్ 3.0 అనే కొత్త ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం తయారైన ఎస్‌ఎంపీఎస్, తన సామర్థ్యానికి రెట్టింపు భారాన్ని సెకనులో పదివేలవ వంతు కాలంపాటు తట్టుకోవాలి. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు పెట్టె మీద ‘ఏటీఎక్స్ 3.0’ గానీ ‘3.1’ గానీ ఉందేమో చూసుకోవడం మంచిది.

తీగల దగ్గరా జాగ్రత్త కావాలి. మదర్‌బోర్డు స్లాటు నుంచి కార్డుకు అందేది గరిష్ఠంగా 75 వాట్లు. ఆపైన కావాలంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా తీగ రావాలి. ఆరు పిన్నులదైతే మరో 75, ఎనిమిది పిన్నులదైతే 150 వాట్లు. మన కుర్రాడి పాత పెట్టెకు ఎనిమిది పిన్నుల తీగే లేదు. హార్డ్‌డిస్క్ తీగకు వంద రూపాయల కన్వర్టర్ తగిలించి నెట్టుకొచ్చాడు. ఇదే అన్నిటికన్నా ప్రమాదం. ఆ సన్నతీగలు అంత కరెంటుకోసం చేసినవి కావు. కార్డుకు సరిపడే తీగ ఎస్‌ఎంపీఎస్‌కు పుట్టుకతోనే లేదంటే, ఆ కార్డు దానికి తగదని అర్థం.

ఖరీదైన కార్డులకూ ఈ బెడద తప్పలేదు. 2022 అక్టోబరులో ఆర్‌టీఎక్స్ 4090 వచ్చిన కొద్దిరోజులకే 16 పిన్నుల కొత్త కనెక్టర్లు కరిగిపోతున్నాయని ఫిర్యాదులొచ్చాయి. ప్లగ్గు పూర్తిగా లోపలికి దిగకపోవడమే ప్రధాన కారణమని ఎన్‌విడియా చెప్పింది. ఆ తర్వాత 2023లో కనెక్టర్ రూపాన్నే సవరించారు. నీతి ఏమిటంటే... ప్లగ్గు చివరిదాకా దిగిందో లేదో కళ్లతో చూసి మరీ స్విచ్ వెయ్యాలి.

కంచు, వెండి, బంగారం

దుకాణంలో ‘బ్రాంజ్ ఇమ్మంటారా, గోల్డ్ ఇమ్మంటారా సార్’ అని అడుగుతారు. నగల దుకాణానికి వచ్చామా అనిపిస్తుంది! ఇవి 2004లో మొదలైన ‘80 ప్లస్’ అనే గుర్తింపులోని మెట్లు. గోడలోంచి తీసుకున్న కరెంటులో ఎంత శాతం కంప్యూటర్‌కు చేరుతోంది, ఎంత వేడిగా వృథా అవుతోంది అన్నదే ఇక్కడ కొలత. సగం భారం మీద బ్రాంజ్ అయితే 85 శాతం, గోల్డ్ అయితే 90 శాతం కంప్యూటర్‌కు చేరాలి.

నాసిరకం పెట్టె 70 శాతమే ఇస్తుందనుకుందాం. 300 వాట్ల పనికి గోడలోంచి దాదాపు 430 వాట్లు లాగుతుంది. 88 శాతం ఇచ్చేది 340 తీసుకుంటుంది. రోజుకు నాలుగు గంటలు వాడితే నెలకు పది యూనిట్ల పైచిలుకు తేడా. బిల్లులో అదేం పెద్ద మొత్తం కాదు. కానీ ఆ తేడా అంతా పెట్టెలో వేడిగా మారుతుందన్నది గుర్తుంచుకోవాలి. ఎస్‌ఎంపీఎస్‌లోని కెపాసిటర్ల ఆయుష్షు, వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగేకొద్దీ దాదాపు సగానికి పడిపోతుంది. మన మే నెల ఎండలకు ఈ వేడి తోడైతే చెప్పేదేముంది! మంచి ఎస్‌ఎంపీఎస్‌లలో 105 డిగ్రీలు తట్టుకునే కెపాసిటర్లు వేస్తారు, చవకవాటిలో 85 డిగ్రీలవి.

ఒక హెచ్చరిక. ‘80 ప్లస్’ అనేది పొదుపుకు గుర్తింపు, భద్రతకు కాదు. కాబట్టి దాంతోపాటు వారంటీ కూడా చూడాలి. మీద నమ్మకమున్న కంపెనీలు ఐదు, ఏడు, పదేళ్ల వారంటీ ఇస్తాయి. ఏడాదితో సరిపెట్టేవాళ్లు తమ సరుకు గురించి చెప్పకనే చెబుతున్నారు.

ఉప్పు గాలికి తుప్పు

భీమిలిలో ఇల్లున్నవాళ్లకు ఇనుము సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. కిటికీ ఊచలకు ఎన్నిసార్లు రంగులేసినా తుప్పు తొంగిచూస్తూనే ఉంటుంది. అదే గాలిని ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను రోజంతా లోపలికి లాగుతుంది. దుమ్ము మీద పేరుకున్న ఉప్పు, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తడిపొర మీదుగా కరెంటు పక్కదారి పడుతుంది, లోహపు అతుకులు తినేస్తుంది. సముద్రం వైపు కిటికీ పక్కన కంప్యూటర్ పెట్టకపోవడం, నేలకు జానెడెత్తున ఉంచడం, రెండు మూడు నెలలకోసారి బ్లోయర్‌తో పైపైన దుమ్ము ఊదడం... ఖర్చులేని జాగ్రత్తలివి. ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం విప్పకూడదు. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలవ ఉండొచ్చు. ప్రాణాల మీదికి వస్తుంది.

ఇంకొకటి ఎర్తింగ్. ‘సీపీయూ ముట్టుకుంటే జివ్వుమంటోందమ్మా’ అని పిల్లలు అంటుంటారు. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి కొద్దిపాటి కరెంటు ఎర్త్ తీగలోకి వెళ్లాలి. ఎర్తింగ్ లేకపోతే దానికి దారి దొరక్క ఇనుప పెట్టె మీదే ఉండిపోతుంది. పాత ఇళ్లలో మూడు కన్నాల సాకెట్ ఉంటుంది కానీ మూడో కన్నం వెనక తీగే ఉండదు. కార్డుకన్నా ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి అది చూపించుకోవాలి.

యూపీఎస్‌దీ అదే కథ. చాలా ఇళ్లలో ఉండేది 600 వీఏది. అది 600 వాట్లు కాదు. చాలావాటి అసలు సామర్థ్యం 360 వాట్లే. మన కుర్రాడి కంప్యూటర్ పూర్తి పనిలో ఉంటే మానిటర్‌తో కలిపి గోడలోంచి తీసుకునేది 400 దాటుతుంది. కరెంటు పోయిన క్షణంలో యూపీఎస్ కీచుమని అరిచి చేతులెత్తేస్తుంది. కాబట్టి యూపీఎస్ కొనేటప్పుడు వీఏ కాదు, వాట్లు చూడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విరుచుకుపడ్డాక రోజుల తరబడి చీకట్లో గడిపిన విశాఖవాసులకు కరెంటు విలువ వేరే చెప్పాలా! గాలివాన హెచ్చరిక రాగానే ప్లగ్గులు పీకేయడమే అన్నిటికన్నా మేలైన రక్షణ.

ఆఫీసు కంప్యూటరైతే...

ఆఫీసులు వదిలించుకున్న బ్రాండెడ్ కంప్యూటర్లను పిల్లల చదువులకు కొనేవాళ్లు చాలామందే ఉన్నారు. ప్రాసెసర్ బాగానే ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ మాత్రం చాలావాటిలో 300 వాట్లకు లోపే. పైగా కొన్నిటిలో దాని ఆకారం, పిన్నులు ఆ కంపెనీకే ప్రత్యేకం. బజార్లో దొరికే మామూలుది అందులో పట్టదు. అలాంటి పెట్టెకు, విడి తీగ అక్కర్లేకుండా స్లాటులోంచే కరెంటు తీసుకునే కార్డు వెతుక్కోవాలి. జీటీఎక్స్ 1650లో 75 వాట్ల రకాలు, 2024లో వచ్చిన 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050 (70 వాట్లు) అలాంటివే. పెట్టె పొట్టిదైతే కార్డు ఎత్తు కూడా కొలుచుకోవాలి.

ఊరికీ అదే లెక్క

ఇదేదో పిల్లల ఆటల వ్యవహారం అనుకోవద్దు. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో కృత్రిమ మేధ కేంద్రం పెడతామని ప్రకటించింది. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి. ఆ కేంద్రం ఎంత పెద్దదో చెప్పడానికి ఎన్ని కంప్యూటర్లన్న లెక్క చెప్పలేదు, గిగావాట్లలో చెప్పారు. గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు. పరవాడ దగ్గర ఎన్‌టీపీసీ సింహాద్రి కేంద్రం మొత్తం సామర్థ్యం 2,000 మెగావాట్లు. అందులో సగమన్నమాట! కృత్రిమ మేధకు పనిచేసే చిప్పులు గ్రాఫిక్స్ కార్డులకు దగ్గర చుట్టాలే. ఎన్ని చిప్పులు కొనాలన్నది తర్వాత, వాటికి కరెంటు ఎక్కణ్నుంచి అన్నదే మొదటి ప్రశ్న. విశాఖ ఉక్కు కర్మాగారం కట్టినప్పుడూ సొంత విద్యుత్ కేంద్రం పక్కనే కట్టుకుంది. కొలిమి మధ్యలో ఆగితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. పెద్ద పెద్ద సంస్థలు ముందుగా వేసుకునే ఆ లెక్కనే మనం ఇంట్లో చివరికి వేస్తున్నాం. అదీ తేడా!

కొనేముందు ఓసారి...

* కార్డు కొనకముందే పాత ఎస్‌ఎంపీఎస్ లేబుల్ ఫొటో తీసుకుని దుకాణానికి వెళ్లండి. 12 వోల్టుల గడిలోని ఆంపియర్లను 12తో హెచ్చించి చూడండి.
* ప్రాసెసర్, కార్డు గరిష్ఠ వాట్లు కూడి, మరో 60 కలపండి. వచ్చినదానికి ఒకటిన్నర రెట్లు ఉండేది కొనండి.
* కార్డుకు కావాల్సిన పిన్నుల తీగ ఎస్‌ఎంపీఎస్‌తోనే రావాలి. కన్వర్టర్లు వద్దు.
* తీగలు విడిగా ఊడదీసే రకమైతే, పాత ఎస్‌ఎంపీఎస్ తీగలను కొత్తదానికి తగిలించొద్దు. ప్లగ్గు పట్టినా లోపలి పిన్నుల వరస వేరుగా ఉండొచ్చు. హార్డ్‌డిస్క్ మాడిపోతుంది.
* ఎక్కువ కరెంటు తీసుకునే కార్డుకు రెండు ప్లగ్గులుంటే రెండు వేర్వేరు తీగలు వాడండి.
* బిగించే ముందు ముఖ్యమైన ఫొటోలు, ఫైళ్లు వేరే డిస్కులోకి ఎక్కించుకోండి.

ఇంతకీ ఆ భీమిలి ఇంట్లో ఏమైంది? కుర్రాడు లేబుల్ చూపించి 168 లెక్క వివరించాక తండ్రికి విషయం బోధపడింది. చీటీ డబ్బులో మిగిలినదాంట్లోంచి మరో నాలుగున్నరవేలు తీసి ఇచ్చాడు. 550 వాట్ల కొత్త ఎస్‌ఎంపీఎస్ వచ్చింది. అదే కార్డు, అదే కంప్యూటర్. ఆగిపోయిన పెళ్లి వీడియో ఆ రాత్రి చివరిదాకా పూర్తయింది. ‘ఈ నాలుగున్నరవేలేవో ముందే అడిగుంటే మూడు వారాలు ఆదా అయ్యేవి కదరా’ అన్నాడు తండ్రి. ‘అడిగితే ఇచ్చేవాడివా నాన్నా? ఇది పెడితే కంప్యూటర్ వేగమేం పెరగదు కదా!’ అన్నాడు కొడుకు.

నిజమే. ఎస్‌ఎంపీఎస్ వేగం పెంచదు. పెంచిన వేగాన్ని నిలబెడుతుంది, అంతే!